పాట ఎక్కించని కేసెట్

శుభోదయ కాంప్లెక్స్ సెల్లార్‌లోకి రాత్రి తొమ్మిది దాటాక ఒంటరిగా దిగకూడదని దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందులో అందరికీ తెలుసు. ఈ మాట మొదట ఎవరు అన్నారో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ కాంప్లెక్స్ మెట్ల కింద ఆరడుగుల జాగాలో పాతికేళ్ళుగా చీరలకు ఫాల్ కుట్టి, పీకో వేసి బతుకుతున్నవాణ్ని నేను. సెల్లార్ సరిగ్గా నా కాళ్ళ కిందే ఉంటుంది. దాని గురించి మాట్లాడే హక్కు ఈ సందులో నాకున్నంత ఎవరికీ లేదు.

సెల్లార్ చివర, లిఫ్ట్ కోసం తవ్వి వదిలేసిన గుంత పక్కన, ఒక షట్టర్ ఉంది. బోర్డు లేదు. పగలు తెరిచి ఉండగా చూసినవాళ్ళు లేరు. రాత్రయితే ఆ షట్టర్ వెనక మనుషులు మాట్లాడతారు – ఒకరిద్దరు కాదు, ఇరవై ముప్పై మంది. ఆడవాళ్ళు వెక్కివెక్కి ఏడుస్తారు. ఎవరో ముసలాయన దగ్గుతాడు. చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది… ఉన్నట్టుండి అందరూ ఒక్కసారే ఆగిపోతారు.

'టక్' మని ఒక చప్పుడు. ఆ తర్వాత ఏమీ ఉండదు.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళూ ఇటువైపు రాత్రంతా లారీలు, హమాలీలు, చాయ్ బండ్లు. ఆ సందడిలో ఎవడి ఏడుపు ఎవడికి వినబడుతుంది? మార్కెట్ తరలిపోయాక సందు చల్లబడింది. అప్పటినుంచే ఆ గొంతులు పైకి వినబడడం మొదలైంది. నాలుగేళ్ళలో ముగ్గురు వాచ్‌మెన్‌లు మారారు. లిఫ్ట్ గుంతలో పెళ్ళిబృందం మొత్తం పడి చచ్చిపోయిందని ఒకడు చెప్పాడు. ఆ గుంతలో పెళ్ళిబృందం కాదుగదా, నా కుట్టుమిషను కూడా పట్టదు. అయినా అందరూ నమ్మారు.

నిజం చెప్పాలంటే నేనూ కొంత కలిపాను. లిఫ్ట్ గుంత దగ్గర తెల్ల చీర కట్టుకున్న ఆడమనిషి నిలబడుతుందని, ఆ చీరకు ఫాల్ కూడా లేదని చెప్పింది నేనే. నాలుగు రోజుల్లో అదే కథ నాకే తిరిగొచ్చి చెప్పారు, నేను కూడా భయపడ్డాను.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం నేను ఏమీ కలపలేదు. సంధ్యారాణి నాకు ఎట్లా చెప్పిందో అట్లాగే చెబుతున్నాను.

సంధ్యారాణి మా పైఅంతస్తులో చీరల షాపులో పనిచేస్తుంది. పోచంపల్లి మగ్గాల ఇంటి పిల్ల. చీరను వేలితో తాకి ఎన్నాళ్ళు కట్టొచ్చో చెప్పేస్తుంది. భర్త సీతారాములు పోయి పన్నెండేళ్ళయింది – గుండెపోటు, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. ఒక్కతే కూతురు ఇందు, పెళ్ళయి హయత్‌నగర్‌లో ఉంటుంది. మన్సూరాబాద్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో సంధ్యారాణి ఒక్కతే.

ఒక్కతే అనకూడదేమో. ఎందుకంటే ఆ ఇంట్లో ఒక గొంతు ఉంది.

సీతారాములు పోయిన నెలకి మొదలైందట. రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే హాల్లోంచి – "సంధ్యా…" అని. లోతైన గొంతు, నిదానంగా, ప్రేమగా. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. రెండు రోజులకో మూడు రోజులకో మళ్ళీ. ఆ ఒక్క పిలుపే, ఇంకో మాట ఉండదు. మొదట్లో వణికిపోయింది. తర్వాత తర్వాత, ఆయనే కదా అనుకుంది. ఆ పిలుపు రాని వారం ఆమెకు అన్నం సయించేది కాదు.

కూతురు మాత్రం డాక్టరుకు చూపించుకొమ్మని పోరుపెట్టేది.

"మమ్మీ, గది డాడీ గొంతు అని నీకెట్ల తెలుసు? నాకైతే డాడీ గొంతు యాదికి లేదు" అందట ఒకరోజు ఇందు.

ఆ మాట సంధ్యారాణికి ముల్లులా గుచ్చుకుంది. నిజమే… ఎట్లా తెలుసు? మనిషి పోయాక మొహం ఫోటోలో ఉంటుంది. గొంతు ఎక్కడుంటుంది? సీతారాములు పోయేనాటికి వాళ్ళింట్లో ఉన్నది బటన్ల ఫోను. దాంట్లో ఆయన మాట ఒక్కటీ మిగల్లేదు.

మిగిలింది ఒక్కటే – పెళ్ళి కేసెట్.

తొంభై ఆరులో పోచంపల్లిలో పెళ్ళి. వీడియో తీశారు. ఆ కేసెట్, దాన్ని ఆడించే వీసీఆర్, రెండింటినీ పాత దుప్పటిలో చుట్టి మంచం కింద దాచుకుంది సంధ్యారాణి. ఇందు దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేయమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. దానికి పట్టే వైర్ల కోసం, బెల్టు కోసం కోఠీ దాకా తిరిగేది. నేనే నవ్వేవాణ్ని, 'చెల్లె, గా డబ్బాను ఇంక మ్యూజియంల పెట్టు' అని. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే కోపమొస్తుంది.

ఎందుకంటే ఆ కేసెట్‌లో సీతారాములు మాట్లాడతాడు. తలంబ్రాలయ్యాక, సంధ్యారాణి చెవి దగ్గరికి వంగి ఏదో అంటాడు. ఆమె కిసుక్కున నవ్వుతుంది. పెదాలు కదలడం స్పష్టంగా కనబడుతుంది. కానీ…

మాట వినబడదు. సినిమా పాట వినబడుతుంది.

ఆ రోజుల్లో మన పెళ్ళి వీడియోలన్నీ అంతే కదా. అసలు శబ్దమంతా తీసేసి, మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్ళు. గులాబీ పువ్వులోంచి పెళ్ళికూతురు మొహం, హృదయంలోంచి పెళ్ళికొడుకు మొహం, వెనక డ్యూయెట్. మనమే అడిగి మరీ ఎక్కించుకున్నాం. పాటలు తక్కువైతే వీడియోవాడితో కొట్లాడాం. ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు, నవ్వులు, దగ్గులు, అన్నీ ఆ పాటల కింద పోయాయి. ఆ సంగతి అప్పుడు ఒక్కడికీ తట్టలేదు.

సంధ్యారాణి రాత్రిళ్ళు టీవీ శబ్దం తగ్గించి ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వేసుకునేది. హాల్లో పిలిచే గొంతును ఆ పెదాలకు అతికించి చూసుకునేది. ఒక్కోసారి సరిపోయినట్టు ఉండేది. ఒక్కోసారి ఉండేది కాదు.

"ఒక్కసారన్న… ఒక్క మాట ఇంటే చాలు. ఇంట్ల పిలిచేది ఆయనే అని నాకు ఖాయమైతది" అనేది నాతో. అంతకుమించి ఆమె ఏదీ కోరలేదు.

నిరుడు శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతం ముందు గురువారం. షాపు మూసేసరికి పది దాటింది. ఎప్పుడూ రోడ్డు పక్కన పెట్టే స్కూటీని ఆ రోజు పోలీసులు బండ్లు ఎత్తుకుపోతున్నారని సెల్లార్‌లో పెట్టింది. నేను అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాను. తోడు ఎవరూ లేరు.

ర్యాంప్ దగ్గర ఒక్కటే లైటు. స్కూటీ చివరికంటా, చీకట్లో ఉంది. చెప్పుల చప్పుడు తనకే పెద్దగా వినబడుతోంది. తాళంచెవి పెట్టింది… అప్పుడు వినబడింది.

"నా బిడ్డకు ఏం తెల్వదమ్మా… జర మీరే సూసుకోవాలె…"

ఎవరో తల్లి. గొంతు పూడుకుపోయి ఏడుస్తోంది. వెనక ఇంకా నలుగురైదుగురు ఏడుస్తున్నారు. షట్టర్ వెనకనుంచి.

సంధ్యారాణి చెయ్యి తాళంచెవి మీదే ఉండిపోయింది. అంతలో ఏడుపుల మధ్యలోంచి ఒక మగగొంతు, అన్నిటికంటే దగ్గరగా –

"తల ఎత్తు బిడ్డా… కింద ఏం పడిపోలే."

ఆ మాట ఆమెకు తెలుసు. ఆ మాట ఆమెతోనే అన్నారు – ఇరవై ఎనిమిదేళ్ళ కింద, పెళ్ళిపీటల మీద సిగ్గుతో తల దించుకుని కూర్చున్నప్పుడు. భుజాన పెద్ద కెమెరా పెట్టుకుని అన్నాడు, వీడియో తీసిన మనిషి.

దెయ్యాలను చూసి పారిపోయేవాళ్ళు ఉంటారు. ఆమె షట్టర్ దగ్గరికి నడిచింది. అంత ధైర్యం ఎక్కడిదని అడిగాను. 'ధైర్యం కాదన్నా, ఆశ' అంది.

అరచేత్తో షట్టర్ మీద కొట్టింది.

గొంతులన్నీ ఆగిపోయాయి. 'టక్'.

లోపల ఎవరో ఊపిరి తీస్తున్నారు… గట్టిగా, వణుకుతూ.

"ఎవరు?" అంది సంధ్యారాణి. గుసగుసలాగే వచ్చింది.

లోపలినుంచి సన్నగా –

"నువ్వు… గా తెల్ల చీర ఆమెవా?"

నా కథ అంతదూరం పోయింది. లోపల ఉన్న మనిషి ఆమెకంటే ఎక్కువ వణికిపోతున్నాడు.

షట్టర్ కిర్రుమంటూ మోకాలెత్తు లేచింది. డెబ్బై దాటిన ముసలాయన, మెడలో మఫ్లర్, చేతిలో టార్చి. ఆమె షాపు యూనిఫాం చీరను పైనుంచి కిందిదాకా చూసి, నీలం రంగేనని తేల్చుకున్నాక గాని ఊపిరి వదల్లేదు.

ఆయన పేరు బిక్షపతి. తొంభైల్లో దిల్‌సుఖ్‌నగర్‌నుంచి చౌటుప్పల్ దాకా పెళ్ళి వీడియోలంటే ఆయనే. ఇప్పుడు మీర్‌పేట్‌లో కొడుకు దగ్గర ఉంటూ, రాత్రిళ్ళు ఎవరి కంటా పడకుండా ర్యాంప్ మీదుగా వచ్చిపోతున్నాడు. లోపల నాలుగు గోడలకూ నేలనుంచి కప్పుదాకా కేసెట్లు, కలరా ఉండల వాసన. ఒక మూల వీసీఆర్, దానికి తగిలించిన పాత టీవీ. టీవీ తెర నల్లగా ఉంది.

"బొమ్మ పోయి ఆరేండ్లయింది బిడ్డా. మాట మాత్రం ఒస్తది. నాకు గది చాలు" అన్నాడు బిక్షపతి.

అవి పెళ్ళివాళ్ళకు ఇచ్చిన పాటల కేసెట్లు కావు. కెమెరాలోంచి తీసినవి తీసినట్టు ఉన్న కేసెట్లు. పాటలు ఎక్కించడం అయిపోయాక వాటిమీద ఇంకో పెళ్ళి తీసుకోవడం అందరూ చేసే పని. ఈయన చెయ్యలేకపోయాడు.

"ఒకల్ల పెండ్లి మీద ఇంకొకల్ల పెండ్లి ఎక్కియ్యనీకె నాకు మనసు రాలే. పరేషాన్ అయిన, కొత్త కేసెట్లు కొన్న, ఇంట్ల తిట్లు తిన్న. వానకాలం బూజు పడ్తది. తిప్పకుంటే టేపు అతుక్కపోతది. గందుకే రాత్రికొకటి ఏసి మొత్తం తిప్పుత. పగలు బండ్ల మోత, జనరేటర్ మోత – మాట ఇనబడదు. రాత్రి మంచిగుంటది." కొంచెం ఆగి అన్నాడు, "ఈ కేసెట్లల్ల ఉన్నోళ్ళు సగం మంది లేరు ఇప్పుడు. మాట్లాడుతుంటే బాగుంటది. ఇంట్ల నాతోని మాట్లాడెటోళ్ళు ఎవరు?"

మా సందంతా భయపడి చచ్చిన దెయ్యాలు ఇవి. బూజు పట్టకుండా ఒక ముసలాయన తిప్పుకుంటున్న పెళ్ళిళ్ళు. ఆమె చెబుతుంటే నేను నవ్వబోయాను, సంధ్యారాణి మొహం చూసి ఆగిపోయాను.

ఎందుకంటే అసలు సంగతి అప్పుడే మొదలైంది.

"అన్నా… పోచంపల్లి. మే నెల, తొంభై ఆరు. సీతారాములు, సంధ్యారాణి" అంది ఆమె.

బిక్షపతి టార్చి వేసుకుని గోడ వెంబడి వెళ్ళాడు. వరసలు లెక్కపెట్టుకుంటూ, అట్టలు ఊదుకుంటూ… చాలాసేపు వెతికాడు. ఆమె నిలబడే ఉంది. చివరికి కింది వరసలోంచి ఒకటి లాగి, మఫ్లర్‌తో తుడిచి, వీసీఆర్‌లో పెట్టాడు.

ముందు గరగర. తర్వాత సన్నాయి – అసలు సన్నాయి, ఆ రోజు మోగింది. పిల్లల కేకలు. ఎవరో 'పప్పు గిన్నె ఏడ పెట్టిన్రు' అని అరుస్తున్నారు. పోయిన మేనత్త నవ్వు. సంధ్యారాణి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నల్లటి తెరలోంచి ఆమె పెళ్ళి మొత్తం వినబడుతోంది.

అప్పుడు బిక్షపతి గొంతు, వయసులో ఉన్నప్పటిది –

"పెండ్లికొడుకా, ఆమె చెవుల ఏమన్న చెప్పు. మంచిగొస్తది."

ఇదే… ఈ ముక్కే. ఇన్నేళ్ళూ పెదాలు మాత్రం కదిలిన చోటు.

"ఏం చెప్పాలె…" అని ఒక గొంతు నసిగింది. తర్వాత మెల్లగా – "సంధ్యా… నాకు ఆకలైతుంది. నీకైతలేదా?"

కిసుక్కున ఒక నవ్వు. ఇరవై ఏళ్ళ సంధ్యారాణి నవ్వు. ఆ చీకట్లో నలభై ఎనిమిదేళ్ళ సంధ్యారాణి కూడా నవ్వేసింది, కళ్ళనిండా నీళ్ళతో.

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

సన్నటి గొంతు. ముక్కుతో పలికే గొంతు. మాట చివర పైకి లేస్తుంది. ఒక్క క్షణంలో అంతా గుర్తొచ్చేసిందట ఆమెకు – ఫోనెత్తితే అవతలివాళ్ళు 'మేడం' అనేవాళ్ళు, ఆయన ఉడుక్కునేవాడు, ఆమె ఆటపట్టించేది. అది సీతారాములే. అనుమానమే లేదు. ఆయన గొంతు అదే. ఎప్పుడూ అదే.

"టేపు పాతది బిడ్డా, మాట జర సన్నగైతది" అన్నాడు బిక్షపతి, ఆమె మొహం చూసి.

"లేదన్నా. మీ గొంతు అట్లనే ఉంది. మా మేనత్త నవ్వు అట్లనే ఉంది. ఆయనది గిదే" అంది.

బిక్షపతి కేసెట్ తీసి ఆమె చేతిలో పెట్టాడు, ఇంట్లో వీసీఆర్ ఉందని ఆమె చెప్పడంతో, తీసుకుపొమ్మని. ఆమె దాన్ని కాసేపు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. తర్వాత తిరిగి ఆయనకే ఇచ్చేసింది.

ఇదంతా మర్నాడు ఆమె నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పింది. నేను పీకో వేయడం ఎప్పుడో మానేశాను. దారం తెగి వేలాడుతోంది.

"గంత ఎదురుచూసినవ్ కదా చెల్లె. మరి ఇంటికెందుకు తీసుకపోలే?" అని అడిగాను.

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఇంట్ల ఏస్తే… వాడు ఇనడా అన్నా?"

నాకు ఎవడని అడగబుద్ధి కాలేదు.

"రాత్రి ఇంటికి పోయేసరికి పదకొండున్నర" అంది సంధ్యారాణి. "తాళం తీసిన. లైట్ ఇంక ఎయ్యలే. హాల్లోంచి పిలిచింది… 'సంధ్యా…' అని. ఎప్పటిలెక్కనే, గంత ప్రేమగ. గొంతు లోతుగ. ఎవరిదో, ఏందో… నేను ఎన్నడూ ఇనని మనిషి గొంతు. పన్నెండేండ్ల సంది గా గొంతుకు నేను పలుకుతున్న."

"అమ్మో! ఇంక ఆ ఇంట్ల ఉండకు. ఇయ్యాలనే ఇందు ఇంటికి పో. నేను ఆటో మాట్లాడుత" అన్నాను.

ఆమె నవ్వింది. అట్లాంటి నవ్వు నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు.

"షాపుల మేడం అంటరు. ఇందు మమ్మీ అంటది. నువ్వు చెల్లె అంటవు. పేరు పెట్టి పిలిచెటోళ్ళు నాకు ఇంకెవరున్నరన్నా?"

"మరి… రాత్రి ఏం చేసినవ్?"

"ఏం చేస్త? గడపల జర సేపు నిలబడ్డ." నేను ఫాల్ కుట్టిన షాపు చీరలు సంచిలో పెట్టుకుని లేచింది. "మళ్ళ పిలిచింది. 'ఒస్తున్న' అన్న. లోపలికి పోయి తలుపేసుకున్న."